మొదటి క్రిస్మస్ కార్డులో ప్రభువు ఎక్కడ?

రేడియో ప్రసంగ పాఠము
వాక్యభాగము: మత్తయి సువార్త 25:31–46



డిసెంబరు నెల దగ్గరపడుతుంటే మన సంఘాలలో ఒక పని మొదలవుతుంది. యౌవనస్థులలో కంప్యూటరు మీద చేయి తిరిగిన ఒక అబ్బాయినో అమ్మాయినో పిలిచి, “ఈసారి క్రిస్మస్ కార్డు నువ్వే తయారుచెయ్యమ్మా, గేటు దగ్గర కట్టే ఫ్లెక్సీ కూడా నువ్వే చూడు” అని పాదిరిగారు అప్పగిస్తారు. ఆ పిల్లలు రాత్రంతా కూర్చుని చేస్తారు. మంచు కప్పిన ఇల్లు ఒకటి, పొడవాటి దేవదారు చెట్టు ఒకటి, జింకలు లాగే బండి ఒకటి, పైమూల ఒక నక్షత్రం పెడతారు. ఫ్లెక్సీ అయితే మధ్యలో పెద్దల ఫోటోలు వరుసగా ఉండాలి. ఎవరి ఫోటో పెద్దది, ఎవరిది చిన్నది అన్న దగ్గర చిన్న మాట పట్టింపు కూడా వస్తుంది. ఇది మీకు తెలియని సంగతి కాదు.

నేను ఆ పిల్లలను తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. బొమ్మ గీయడం, రంగు కలపడం, అక్షరం పేర్చడం దేవుడిచ్చిన వరమే. నిర్గమకాండము 31వ అధ్యాయంలో బెసలేలు అనే పనివానిని దేవుడు తన ఆత్మతో నింపినది ప్రసంగం చేయడానికి కాదు, విచిత్రమైన పనులను కల్పించడానికి. అయితే వరం ఉన్నవాడు తనకంటే ముందు ఆ పని చేసినవారిని చూసి నేర్చుకోవాలి. అందుకని ఈ పూట మిమ్మల్ని అసలు మొట్టమొదట అచ్చయిన క్రిస్మస్ కార్డు దగ్గరకు తీసుకువెళతాను. ఆ చిన్న అట్టముక్కలో డిజైను నేర్చుకునేవారికి పాఠం ఉంది. డిజైను తెలియని మనకు అంతకంటె పెద్ద పాఠం ఉంది.

అది 1843వ సంవత్సరం, లండను నగరం. హెన్రీ కోల్ అనే ఒక ప్రభుత్వోద్యోగి ఉండేవాడు. చాలా చురుకైన మనిషి. అంతకు మూడేళ్ళ ముందు, 1840లో ఆ దేశపు తపాలా పద్ధతి మారిపోయింది. అంతకుముందు ఉత్తరం ఎంత దూరం వెళితే అంత రుసుము; అది కూడా ఎక్కువగా ఉత్తరం అందుకున్నవాడే కట్టుకోవాలి. రోలండ్ హిల్ అనే సంస్కర్త ఆలోచన ప్రకారం, అర ఔన్సు లోపు ఉత్తరం దేశంలో ఎంత దూరం పోయినా ఒక్క పెన్నీ చాలునన్నారు. పంపేవాడు ముందుగా బిళ్ళ అంటించి పంపాలి. ఈ మార్పు తేవడంలో హిల్‌కు తోడ్పడినవారిలో హెన్రీ కోల్ ఒకడు.

తాను తెచ్చిన మార్పు తన నెత్తికే వచ్చింది. పెన్నీకి ఉత్తరం పోతున్నదంటే అందరూ రాయడం మొదలుపెట్టారు. పండుగ వచ్చేసరికి కోల్ బల్ల మీద జవాబు రాయవలసిన ఉత్తరాలు పేరుకుపోయాయి. జవాబు రాయకపోతే మర్యాద కాదు. అన్నిటికీ చేత్తో రాసే తీరిక లేదు. అప్పుడు తన స్నేహితుడైన చిత్రకారుడు జాన్ కాల్కాట్ హార్స్లీని పిలిచి, ఒక బొమ్మ వేసిపెట్టమన్నాడు. దాన్ని రాతి అచ్చు మీద ముద్రించి, రంగులు మాత్రం చేత్తో వేయించారు. సుమారు వెయ్యి ప్రతులు తీశారు. తాను వాడుకోగా మిగిలినవి అమ్మకానికి పెట్టాడు. ఒక్కొక్కటి ఒక షిల్లింగు. అంటే 12 పెన్నీలు. కార్డు పంపడానికి పెన్నీ, కొనడానికి 12 పెన్నీలు! బీదవాడు కొనగలిగే వస్తువు కాదది. ఇప్పుడు లోకంలో మిగిలి ఉన్నవి కొన్ని మాత్రమే. 2001లో ఇంగ్లండులో జరిగిన వేలంపాటలో అలాంటి కార్డు ఒకటి 20 వేల పౌండ్లకు పైగా పలికింది. అది కోల్ తన అవ్వకు పంపిన కార్డు.

శ్రోతలారా, ఇప్పుడు ఆ కార్డును మనసులో చూడండి. అడ్డంగా సుమారు 13 సెంటీమీటర్లు, నిలువున 8 సెంటీమీటర్లు ఉంటుంది. మన అరచేతిలో ఇమిడిపోతుంది. ద్రాక్షతీగె అల్లుకున్న కొయ్య చట్రం లాంటి గీత ఆ స్థలాన్ని మూడు భాగాలు చేస్తుంది. మధ్య భాగం వెడల్పు. అందులో ఒక కుటుంబం భోజనపు బల్ల దగ్గర ఉంది. తాతమ్మలు, తల్లిదండ్రులు, పిల్లలు, మూడు తరాలవారు. గిన్నెలెత్తి, కార్డు అందుకున్నవాని వైపే చూస్తూ శుభం పలుకుతున్నారు. కింద శుభాకాంక్షలు రాసి ఉన్నాయి. ఎవరికి పంపుతున్నామో ఆ పేరుకు ఒక ఖాళీ, ఎవరు పంపుతున్నారో ఆ పేరుకు ఇంకొక ఖాళీ విడిచిపెట్టారు.

ఇక రెండు పక్కల రెండు సన్నని భాగాలున్నాయి. ఒక పక్క, ఆకలిగొన్నవారికి ఆహారం పెడుతున్నారు. రెండో పక్క, బట్టలేనివారికి బట్ట కప్పుతున్నారు. అంతే. వాటి కింద వివరణ లేదు.

బొమ్మను మూడు భాగాలు చేసే పద్ధతి హార్స్లీ కొత్తగా కనిపెట్టింది కాదు. ఐరోపాలోని పాత దేవాలయాలలో బలిపీఠం మీద మూడు పలకల చిత్రాలుండేవి. నడిమి పలక మీద ప్రభువునో, బాలయేసును ఎత్తుకున్న మరియమ్మనో చిత్రించేవారు. పక్క పలకలు తలుపుల్లాగా మూసి తెరిచేవి. వాటి మీద పరిశుద్ధులనో, ఆ చిత్రం చేయించిన దాతలనో వేసేవారు. చూసేవారి కన్ను ముందు నడిమికి వెళ్ళాలి, తరువాత పక్కలకు రావాలి. బొమ్మలో ఏది ఎక్కడ పెట్టామన్నదే ఒక మాట చెబుతుంది. ఇది డిజైను నేర్చుకునే పిల్లలకు మొదటి పాఠం.

మరి ఈ కార్డు ఏం చెబుతున్నది? దీనిలో పశువుల తొట్టి లేదు. నక్షత్రం లేదు. గొల్లలు లేరు, జ్ఞానులు లేరు. పాత చిత్రాలలో ప్రభువు ఉండే నడిమి స్థలంలో ఒక కలిగిన కుటుంబం కూర్చుని ఉన్నది. “క్రిస్మస్ కార్డులో క్రీస్తు లేడే!” అని మనం అనుకోవచ్చు. అయితే తొందరపడకండి. మత్తయి 25వ అధ్యాయాన్ని జ్ఞాపకం చేసుకోండి. మహిమగల సింహాసనం మీద కూర్చున్న రాజు, తాను ఆకలిగొన్నప్పుడు పెట్టినవారిని, దిగంబరినైనప్పుడు కప్పినవారిని గురించి మాట్లాడతాడు. అల్పులలో ఒకనికి చేసినది తనకే చేసినట్టు లెక్క కడతాడు. ఆ లెక్క ప్రకారం చూస్తే ఈ కార్డులో ప్రభువు ఉన్నాడు. నడుమ లేడు, పక్కన ఉన్నాడు. అన్నం కోసం చెయ్యి చాపినవారిలో ఉన్నాడు. చలికి వణికేవారిలో ఉన్నాడు. కోల్, హార్స్లీ మనసులో ఈ అర్థమంతా ఉన్నదో లేదో గాని, వారు వేసిన బొమ్మ మాత్రం ఈ అర్థానికి తలుపు తెరిచి ఉంచింది.

ఆ కాలం కూడా ఒకసారి చూడండి. 1840ల ఇంగ్లండులో ఫ్యాక్టరీల వలన సంపద పెరిగింది. ఆకలి కూడా పెరిగింది. 1834లో చేసిన బీదల చట్టం ప్రకారం, దిక్కులేనివారు సహాయం పొందాలంటే పనిశాలలలో చేరవలసివచ్చేది. అక్కడ భార్యను భర్తను, తల్లిని పిల్లలను వేరువేరుగా ఉంచేవారు. ఈ కార్డు అచ్చయిన అదే 1843 డిసెంబరులో, 19వ తేదీన, చార్లెస్ డికెన్స్ రాసిన ‘ఎ క్రిస్మస్ కరోల్’ అనే కథ వెలువడింది. పిసినిగొట్టు ముసలివాడొకడు పండుగ రాత్రి మారుమనస్సు పొంది బీదవాని ఇంటిని ఆదుకోవడం ఆ కథ సారం. ఒకే ఊరు, ఒకే నెల. పుస్తకం రాసినవాడు, కార్డు చేయించినవాడు ఇద్దరూ బీదవాడు లేని పండుగ పండుగ కాదనే చెప్పారు.

మరి జనులు ఆ కార్డులో ఏమి చూశారు? నడిమి బొమ్మలో ఒక చిన్నబిడ్డ నోటికి ద్రాక్షారసం అందిస్తున్నట్టు ఉన్నది. మద్యపాన నిషేధం కోరే సంఘాలవారు దాన్ని చూసి మండిపడ్డారు. ఆ ఆక్షేపణలో న్యాయం లేదని నేననను. తాగుడు వలన పాడైన ఇళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నాయి. అయితే మొదటి క్రిస్మస్ కార్డు గురించి ఎక్కడ చెప్పినా ఈ తగవే చెబుతారు. గిన్నెలో ఏమున్నదని వాదం జరిగింది. పక్కన ఖాళీ గిన్నె పట్టుకున్నవాని గురించి అంత వాదం జరగలేదు. మన సంఘాలలో కూడా వాదాలు ఎక్కువగా నడిమి బల్ల గురించే కదండీ!

తరువాత కథ వినండి. కార్డులు పంపే అలవాటు వెంటనే పాకలేదు, ధర ఎక్కువ కాబట్టి. 1870లో ఇంగ్లండులో పోస్టుకార్డుకు అర పెన్నీ రేటు వచ్చింది. అచ్చు పని కూడా చవకైంది. ఆ సమయంలో అమెరికాలోని బోస్టను దగ్గర లూయీ ప్రాంగ్ అనే ముద్రాపకుడు ఉండేవాడు. 1824లో బ్రెస్లా పట్టణంలో పుట్టి, 1848 విప్లవంలో పాల్గొని, తలదాచుకోవడానికి దేశం విడిచి, 1850లో అమెరికా చేరినవాడు. ఒక రకంగా శరణార్థి. అతడు రంగుల రాతి అచ్చులో ఆరితేరాడు.

ఆ పని ఎలా జరిగేదో యౌవనస్థులు తెలుసుకోవాలి. నున్నని సున్నపురాయి మీద జిడ్డు సుద్దతో బొమ్మ గీస్తారు. రాయిని నీటితో తడుపుతారు. జిడ్డు ఉన్నచోట నీరు నిలవదు, అక్కడే సిరా అంటుకుంటుంది. ఒక రంగుకు ఒక రాయి. ఎరుపుకు వేరే, నీలానికి వేరే, గులాబిరేకు నీడకు వేరే. ఒక చిన్న పువ్వు అచ్చు కావాలంటే అదే కాగితం రాయి తరువాత రాయి మీద, కొన్నిసార్లు ఇరవై రాళ్ళ మీద, వెంట్రుకవాసి జరగకుండా పడాలి. ఇప్పుడు మనం మీట నొక్కి ఒక్క క్షణంలో మార్చే రంగు కోసం ఆనాడు ఒక మనిషి ఒక రాయిని రోజులతరబడి దిద్దాడు. అందుకని వారు అక్కరలేని రంగు ఒక్కటి కూడా వేసేవారు కారు. అన్ని రంగులూ ఉచితంగా దొరికే మన పిల్లలకు ఇది రెండో పాఠం.

ప్రాంగ్ తన క్రిస్మస్ కార్డులను 1874లో ఇంగ్లండులో, 1875లో అమెరికాలో అమ్మకానికి పెట్టాడు. 1880 నుండి కార్డు డిజైనుకు పోటీలు పెట్టి పెద్ద బహుమతులిచ్చాడు. మొదటి పోటీలో వెయ్యి డాలర్ల మొదటి బహుమతి రోజీనా ఎమ్మెట్ అనే యువ చిత్రకారిణికి వచ్చింది. ఆడపిల్లలకు చిత్రకళలో చోటు తక్కువగా ఉన్న రోజులవి. ఆ దశకంలో అతని అచ్చు యంత్రాల నుండి ఏటా 50 లక్షలకు పైగా కార్డులు వెలువడ్డాయి. మంచి చిత్రం కొనలేని బీదఇంటి గోడకు కూడా ఒక అందమైన బొమ్మ చేరింది. ఇది మేలే.

అయితే బొమ్మలు ఎలా మారాయో చూడండి. అమ్మకం పెరిగినకొద్దీ కార్డుల మీద పువ్వులు వచ్చాయి, పిట్టలు వచ్చాయి, బొద్దు పిల్లలు వచ్చారు, మంచు వచ్చింది. ఎర్రరొమ్ము రాబిన్ పిట్ట ఇంగ్లండు కార్డులకు గుర్తు అయిపోయింది. అప్పట్లో తపాలా బంట్రోతులు ఎర్రకోటు వేసుకునేవారు గనుక జనం వారిని ఆ పిట్ట పేరుతోనే పిలిచేవారు. ముచ్చటైన సంగతే. కాని ఈ అందాల నడుమ హార్స్లీ వేసిన ఆ రెండు పక్క బొమ్మలు నెమ్మదిగా జారిపోయాయి. ఎవరూ కోపంతో చెరిపివేయలేదు. ఎవరూ తీర్మానం చేయలేదు. అమ్ముడుపోయే బొమ్మ మిగిలింది, మనస్సును గుచ్చే బొమ్మ పోయింది. ధనవంతుని బల్ల మిగిలింది, వాకిట పడియున్న లాజరు పోయాడు.

శ్రోతలారా, ఆ పక్క బొమ్మ మళ్ళీ ఒకసారి కార్డు మీదికి వచ్చింది. అయితే ఈసారి పక్కన కాదు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక ఐరోపాలో పిల్లలు పాలకు, మందులకు అల్లాడుతున్నప్పుడు, 1946 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి వారు యూనిసెఫ్ అనే బాలల నిధిని ఏర్పాటు చేశారు. ఆ సహాయం అందిన ఊళ్ళలో చెకొస్లోవేకియా దేశంలోని ఒక చిన్న గ్రామం ఉంది. అక్కడి యిట్కా అనే ఏడేళ్ళ పాప కృతజ్ఞతగా ఒక బొమ్మ వేసింది. కాగితం దొరకని రోజులు, అందుకని గాజుపలక మీద వేసింది. ఎండలో పిల్లలు ఒక అలంకరించిన స్తంభం చుట్టూ చేతులు పట్టుకుని ఆడుతున్న బొమ్మ. 1949లో అదే యూనిసెఫ్ వారి మొదటి కార్డు అయింది. తరువాతి దశాబ్దాలలో అలాంటి కార్డుల అమ్మకం వలన వచ్చిన డబ్బు ఎన్నో దేశాల పిల్లల పాలకు, మందులకు వెళ్ళింది.

చూశారా! 1843లో ఆకలిగొన్నవారిని కలిగినవారు బొమ్మగా వేశారు. 1949లో ఆకలి తీరిన బిడ్డ తానే కుంచె పట్టింది. దానం పుచ్చుకునే చెయ్యి అని మనం అనుకున్న చెయ్యి, లోకానికి శుభాకాంక్షలు పంపే చెయ్యి అయింది. ఆ పాప తన ఆకలిని గీయలేదు, తన ఆటను గీసింది. బీదవారిని గూర్చి కార్డు వేయాలనుకునే మన పిల్లలు ఈ సంగతి గట్టిగా పట్టుకోవాలి. చిరిగిన బట్టలు, ఏడుపు ముఖాలు గీస్తేనే దయ అని కాదు. వారికీ ఒక ముఖం, ఒక సంతోషం, ఒక ఆట ఉన్నాయి.

మన తెలుగు నేల మీద కూడా ఇలాంటి కన్ను ఉన్న మనిషి ఒకరుండేవారు. 1921లో పుట్టిన లూథరన్ పాదిరి డాక్టరు పులిదిండి సాలొమోను రాజు గారు, విజయవాడలో ఉండి చెక్క మీద చెక్కిన అచ్చులతోను, మైనపు అద్దకపు బట్టల మీదను సువార్త చిత్రాలు వేశారు. మంచు లేదు, దేవదారు లేదు. మన దేశపు మనుషులు, మన కట్టు, మన ముఖాలు. చెక్క అచ్చులో నలుపు, తెలుపు రెండే. ఆ రెండింటితోనే చెప్పవలసినది చెప్పవచ్చునని ఆ చిత్రాలు చూస్తే తెలుస్తుంది. కలంకారీ అద్దకం పుట్టిన మచిలీపట్నం మనకున్నది. కొండపల్లి బొమ్మలున్నాయి. సంక్రాంతి దాకా వాకిట ముగ్గులు పెట్టే చేతులు మన అక్కచెల్లెళ్ళకున్నాయి. ఇవన్నీ ఉండగా మన పిల్లలు ఎన్నడూ చూడని మంచునే గీయాలా?

ముగింపులో యౌవనస్థులకు ఒక మాట, పెద్దలకు ఒక మాట చెబుతాను.

యౌవనస్థులారా, ఈసారి కార్డు వేయడానికి కూర్చున్నప్పుడు ముందు ఒక ఖాళీ కాగితం తీసుకుని మూడు భాగాలు చేయండి. నడిమి భాగంలో ఏమి పెట్టాలో మీకు తెలుసు. పక్క భాగాలను మాత్రం వెంటనే పూలతో నింపేయకండి. మన ఊళ్ళో ఈ చలికాలం ఎవరికి దుప్పటి లేదు? హాస్టలులో పండుగకు ఇంటికి వెళ్ళలేని పిల్లలెవరు? గుడి గేటు దగ్గర కూర్చునే అవ్వ పేరేమిటి? ముందు ఆ పేరు కనుక్కోండి, తరువాత గీత గీయండి. హార్స్లీ వేసిన కార్డులో పేరు కోసం ఒక ఖాళీ విడిచిపెట్టారని చెప్పాను కదా. ఫోనులో ఒకే బొమ్మను మూడువందల మందికి ఒక్కసారే పంపే ఈ రోజుల్లో, ఆ ఖాళీలో చేత్తో రాసిన ఒక్క పేరుకు ఎంత విలువ ఉంటుందో ఆలోచించండి.

పెద్దలారా, ఫ్లెక్సీలో మన ఫోటో ఎక్కడ ఉన్నదని వెతుక్కునే ముందు, ప్రభువు ఎక్కడ ఉన్నాడని వెతుకుదాం. సత్రములో స్థలం లేక పశువుల తొట్టిలో పరుండబెట్టబడినవాడు ఆయన. పుట్టిననాడే అంచున ఉన్నవాడు. మన బొమ్మ మధ్యలో ఆయన పేరు పెద్ద అక్షరాలతో అచ్చు వేసి, ఆయన నిలిచి ఉన్న అంచును కత్తిరించి పారవేస్తే, ఆ కార్డు ఎవరికి పంపుతున్నట్టు?

ప్రభువు మన కన్నులు తెరచి, మన చేతులను, మన పిల్లల చేతులను తన పనికి వాడుకొనును గాక. మీకందరికీ క్రిస్మస్ శుభములు. ఆమెన్.